మోసపోని సాక్షి

భద్రాచలం దారిలో, అడవి పక్కన చిన్న సినిమా తీస్తున్న ఉదయ్ భాస్కర్, ఖర్చు కలిసొస్తుందని ఎస్సై వేషం తనే వేశాడు. శాంతిభద్రతలకు అంతకు మించిన ముప్పు ఆ మండలంలో లేదు మరి! పోలీసునని జనాన్ని మోసగించాడంటూ అసలు ఎస్సై అతన్ని స్టేషన్‌కు పట్టుకొచ్చాడు.

కేసు నిలవాలంటే మోసపోయిన మనిషి ఒకరైనా కావాలి. ఎద్దు పోయిందని ఆ వేషానికే కంప్లైంట్ ఇచ్చిన జోగమ్మను పిలిపించాడు.

"నిజం పోలీసే అనుకున్నవ్ గదా?"

"లేదు సారూ. కుర్చీ ఏసి కూసోమన్నడు. చెప్పిందంత రాసుకున్నడు. పోలీసు గాదని అప్పుడే సమజైంది."

"మరి కంప్లైంట్ ఎందుకిచ్చినవ్?"

"మీకు మూడుసార్లిచ్చిన గద సారూ. రాసుకుంటే ఎట్లుంటదో ఒక్కసారన్న చూద్దామని."