పదికి పది

"ఇది సీరియలా, శిక్షా?" అన్నారు మాస్టారు, పెన్ను మూత తీస్తూ.

తెర మీద కవల అక్కచెల్లెళ్లు ఎవరి మొగుడు ఎవరో తేల్చుకోలేక ఏడుస్తున్నారు. మధ్యలో మూడుసార్లు ఉరిమింది. కిటికీ బయట మాత్రం ఎండ కాస్తూనే ఉంది. మాస్టారు కాగితం మీద పదికి ఒకటి వేశారు. కెమెరా పట్టుకున్నవాడి చేయి వణకనందుకు ఆ ఒక్కటీ.

ముప్పయ్యేళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి ఆయన. ఆయన పేపర్లు దిద్దిన పిల్లల్లో సగం మంది మళ్లీ పరీక్ష కట్టారు. ఆ పేరు విని టీవీ ఛానల్ వాళ్లు ఇంటికొచ్చారు. ప్రసారానికి ముందే కార్యక్రమాలు చూసి మార్కులు వేసి పెట్టమన్నారు. అప్పట్లో ఈ గదిలో పన్నెండు మంది కూర్చునేవారు. ఏటా ఒకరు చొప్పున తగ్గిపోయి, పదకొండేళ్లకు ఆయనొక్కరే మిగిలారు.

"మీ మార్కులుంటే చాలు మాస్టారూ, మాకింక సర్వేలు అక్కర్లేదు" అంటాడు ఏ కార్యక్రమం వేయాలో తేల్చే ప్రోగ్రామింగ్ హెడ్డు.

అందుకే ఆయనకు కారు పంపుతారు. మెత్తటి కుర్చీ వేస్తారు. రాబోయే సీజన్ జాబితా రాసే తెల్లబోర్డు మీద గుడ్డ కప్పేస్తారు. మార్కులేసేవాడి కళ్లకు అలాంటివి కనపడకూడదని తెలిసినవాళ్లే, పర్వాలేదు అనుకున్నారు మాస్టారు మొదట్లో.

ఆయన ఇంట్లో టీవీ లేదు. "పొద్దంతా పేపర్లు దిద్దినవాడు ఇంటికొచ్చి మళ్లీ అవే చదువుకుంటాడా?" అని ఎప్పుడో ఎవరికో ఇచ్చేశారు. పార్కులో ఎవరైనా సీరియల్ ఊసెత్తితే చేతికర్ర తీసుకుని లేచిపోతారు. ఆ చెత్త చూసే జనమంటే ఆయనకు తీసేవాళ్లకన్నా చులకన.

రెండోది పోలీసు సీరియల్, మూడో సీజన్.

"ఇది ఇంకా బతికే ఉందా? మొదట్లో సున్నా వేశాను కదయ్యా!"

"మీరు తిట్టాక దిద్దుకున్నారు మాస్టారూ" అన్నాడు హెడ్డు.

ఇన్‌స్పెక్టరు స్నానాల గదిలో కూడా నల్లకళ్లద్దాలు తీయలేదు.

"ఏం దిద్దుకున్నారు, నా తలకాయ!" అంటూ మాస్టారు మళ్లీ సున్నా చుట్టారు. హెడ్డు నొచ్చుకోకుండా కాగితం అందుకున్నాడు. ఎన్ని తిట్లు తిన్నా మొహం చిన్నబుచ్చుకోడు, అదొక్కటే వీడిలో నచ్చే గుణం అనుకున్నారు మాస్టారు.

ఇక మూడోది.

దాని సంగతి ఆయనకు పొద్దున్నే తెలిసింది. ఆయన కూతురు ఈ ఛానల్లోనే ఆరేళ్లుగా ఎవరెవరి సీరియళ్లకో మాటలు రాస్తోంది. ఆమె ఈయన కూతురని ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. సొంతంగా రాసిన మొదటి కథ ఇది. ఇది జాబితాలోకి ఎక్కకపోతే నెలాఖరుకి ఇంటికెళ్లిపొమ్మన్నారు.

"నాన్నా, ఇవాళ మూడోది నాది" అంది పొద్దున కాఫీ గ్లాసు అందిస్తూ.

"అయితే?"

"ఏం లేదు. ఎప్పటిలాగే తిట్టండి."

"బాగుంటేనో?"

"బాగున్నా తిట్టండి. మీకు దండం పెడతాను, మెచ్చుకోవద్దు."

"ఎందుకే?"

ఆమె నోరు తెరిచింది. ఇస్త్రీ మడత నలగని ఆయన చొక్కా వైపు, ఆయన శ్రద్ధగా సిరా పోసుకుంటున్న పెన్ను వైపు చూసింది. "ఊరికే" అని లోపలికి వెళ్లిపోయింది.

తండ్రి దయతో నెగ్గిందనిపించుకోవడం ఇష్టం లేదు కాబోలు. పొగరు, అచ్చం నా పోలికే అనుకున్నారు మాస్టారు. బాగోకపోతే కూతురని చూసేది లేదని కూడా అనుకున్నారు.

తెర మీద ఒక చిన్న ఇల్లు కనపడింది. ఉరుములు లేవు. ఎవరూ అరవలేదు. ఒక కోపిష్టి తండ్రి రోజూ కూతురిని తిడుతూనే ఉన్నాడు. తెల్లారితే ఆమెకు పరీక్ష. ఆమె పడుకున్నాక అతను చప్పుడు కాకుండా వచ్చి, బల్ల మీద గడియారాన్ని ఐదు నిమిషాలు ముందుకు తిప్పి వెళ్లిపోయాడు. దుప్పటి కింద ఆ పిల్ల కళ్లు తెరిచే ఉన్నాయి.

మాస్టారు కుర్చీలో ముందుకు వంగారు. ఆ పని తను ఎన్నేళ్లు చేశారో ఆయనకు తెలుసు. అది కూతురికి తెలుసని మాత్రం ఇవాళే తెలిసింది. తొంభై ఎనిమిది మార్కులు తెచ్చుకుంటే, ఆ రెండూ ఏం చేశావని నిలదీసిన తండ్రి ఆయన. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి కూడా బాగుందమ్మా అనలేదు.

కళ్లద్దాలు తుడుచుకుని పెన్ను తీశారు. ఇన్నేళ్లలో ఆయనకు నచ్చినవే నాలుగు. వాటికీ ఏడు దాటి వేయలేదు. ఇప్పుడు పదికి పది వేశారు. కింద గుండ్రటి అక్షరాలతో రాశారు: "ఒక్క అక్షరం కూడా మార్చవద్దు."

హెడ్డు కాగితాన్ని రెండుసార్లు చూశాడు. "పదికి పదా! నిజంగానే అంత నచ్చిందా మాస్టారూ?"

"రాసింది కనపడట్లేదా? ఈ పిల్లను వదులుకున్నారంటే మీ అంత తెలివితక్కువవాళ్లు ఉండరు."

చేతికర్ర టకటకలాడిస్తూ వెళ్లి మాస్టారు కారెక్కారు. ఇంటికెళ్లగానే ఆమెతో ఏమనాలో దారంతా లోలోపల అనుకుంటూనే ఉన్నారు. బాగుందమ్మా. చాలా బాగుంది.

అక్కడ హెడ్డు బోర్డు మీది గుడ్డ తీసి, పోలీసు సీరియల్‌ని ఎనిమిది గంటల గడిలో రాసి, మూడోదాని పేరు డస్టరుతో తుడిచేస్తూ అసిస్టెంటుతో అన్నాడు: "ఈయన ఛీ అన్నది ఆడకపోవడం, బాగుందన్నది ఆడటం పదకొండేళ్లలో ఒక్కసారి కూడా చూడలేదు."