ముప్ఫై ఎనిమిదీ చూడివే

"చూడిదే," అన్నాడు వెంకటస్వామి, మొదటి ఆవు గర్భం తడిమి, వెనక నుంచి చెయ్యి బయటికి తీస్తూ.

"ష్యూరా మామయ్యగారూ?" అడిగాడు కిరణ్‌కుమార్, నోట్‌బుక్ పట్టుకుని.

"అదేం ప్రశ్న?" అంది భావన. "కనిగిరి చుట్టుపక్కల మా నాన్న చెయ్యి పడని గొడ్డు లేదు. ముప్ఫై రెండేళ్ళు పశువుల డాక్టరు!"

ఈ పని ఆయనకి అంటగట్టింది భావనే. పాపం, పెద్దాయన అమెరికా వచ్చి ఇంకా వారం కాలేదు. "ఎప్పుడో మానేశాను కదమ్మా" అని నసిగాడు కూడా. వింటేగా! లోకల్ డాక్టర్ మూడు వారాల దాకా రాలేనన్నాడు, "మా నాన్న ఉండగా ఇంకొకరెందుకు?" అని ఈవిడ పొడుగాటి గ్లవ్ తెచ్చి తనే ఆయన కుడిచేతికి తొడిగింది.

షాంటిలీలో ఉద్యోగం ఊడాక కిరణ్‌కుమార్ ఉన్నదంతా ఊడ్చి, రెండు గంటల దూరంలో కొండల కింద పచ్చిక భూమి కొన్నాడు. గడ్డి మీదే ఆవుల్ని పెంచి, మాంసానికి అమ్మే వ్యాపారం. గుడిలో స్నేహితులు అడిగితే "ఫార్మింగ్" అనేవాడు. వాళ్ళు కూరగాయలనుకునేవారు, అనుకోనీ! మూడేళ్ళు లాభాలు చూశాడు. నాలుగో వేసవిలో వాన మొహం చాటేసింది. దానికి తోడు ఆంబోతు కాలు కుంటై సగం రోజులు పడుకునే ఉంది. ముప్ఫై ఎనిమిది ఆవులున్నాయి. చలికాలానికి దాచిన ఎండుగడ్డి పాతిక ఆవులకి మించి రాదు. ఈనని ఆవుని ఆర్నెల్లు కూర్చోబెట్టి మేపితే ఫామ్ మునిగినట్టే. అందుకే చూడివి ఉంచి, మిగతావి అమ్మెయ్యాలి.

"చూడి లేనివాటిని ఏం చేస్తారు బాబూ?" అడిగాడు వెంకటస్వామి.

"గురువారం ట్రక్ వస్తుంది. ఆక్షన్‌కి పంపుతాం."

"అక్కణ్ణుంచి?"

కిరణ్‌కుమార్ నోట్‌బుక్‌లో పేజీ తిప్పాడు. ఆయన మళ్ళీ అడగలేదు.

రెండో ఆవు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. చెయ్యి తీసి మళ్ళీ పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. "చూడిదే," అన్నాడు చివరికి. ఆ తర్వాత ఏ ఆవు దగ్గరా అంతసేపు ఆగలేదు. సాయంత్రానికి ముప్ఫై ఎనిమిదీ చూడివేనని తేలింది.

"ఆ కుంటి ఆంబోతుకి దండం పెట్టాలి!" అంటూ కిరణ్‌కుమార్ మామగారిని వాటేసుకున్నాడు. ట్రక్ కాన్సిల్ చేశాడు. మందలో పెరుగుతున్న దూడల్ని వచ్చే ఏడాది దాకా ఆగకుండా, అన్నిటినీ సగం బరువులోనే తెగనమ్మి, ఆ డబ్బంతా పెట్టి ఇంకా గడ్డి కొన్నాడు.

ఏప్రిల్ వచ్చింది. పదకొండు ఆవులు ఈనాయి. అంతే.

ఈనే గడువు దాటిపోయిన మర్నాడు, సన్నటి చలివానలో తడిసి లోపలికొచ్చాడు కిరణ్‌కుమార్. ఇనప పొయ్యిలో కట్టెలు మండుతున్నాయి. పక్కనే కుర్చీలో వెంకటస్వామి. ఆయన తిరుగు ప్రయాణం ఇంకో నాలుగు రోజులే ఉంది.

"ఇరవై ఏడు ఆవులు మామయ్యగారూ," అన్నాడు అల్లుడు. "ఒకటో రెండో తప్పు పోయాయంటే అర్థం చేసుకుంటా. ఇరవై ఏడా?"

వెంకటస్వామి తల దించుకున్నాడు.

"కావాలనే చెప్పారు కదా? కోతకి పోతాయని తెలిసి."

"అవును బాబూ," అన్నాడు ఆయన. "ఆవులు కదా. నోరు రాలేదు."

"మీ పుణ్యం కోసం మా పొట్ట కొట్టారు! వాటికి గడ్డి లేదు, అమ్ముదామంటే దూడలు లేవు. రేపు ఆ ఇరవై ఏడూ ఎలాగూ ట్రక్ ఎక్కుతాయి, ఇప్పుడింకా బక్కచిక్కి. వాటి వెనకే ఫామ్ కూడా సేల్‌కి పెడుతున్నా." కిరణ్‌కుమార్ తలుపు తెరిచాడు. "పెద్దవారు, ఏమీ అనలేను," అని తలుపు ధడాలున వేసి వెళ్ళిపోయాడు.

అంతా విన్న భావన కిటికీ దగ్గరే నిలబడిపోయింది. మొగుడి నాలుగేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టయింది. ఎవరిని తిట్టాలి? అయినా ఆ కోపంలో ఎక్కడో చిన్న ఊరట. చేసింది ద్రోహమే, కానీ జాలిపడి చేశాడు. నాన్న చెయ్యి తప్పలేదు, మనసే మెత్తబడింది. ఆ ఒక్కటీ మిగిలింది చాల్లే అనుకుంది.

"ఒక్క మాట నాతో చెప్పి ఉంటే ఏం పోయేది నాన్నా?" అంది వెనక్కి తిరగకుండానే.

"చెప్పాల్సిందమ్మా," అన్నాడు వెంకటస్వామి. కుర్చీ కిర్రుమంది. లేచి, ఆసరాకి దేన్నో పట్టుకుని నిలబడినట్టున్నాడు. "చెబుదామనే అనుకున్నాను. నువ్వంత గొప్పగా చెప్పుకుంటుంటే..."

ఏదో కమురు వాసన వచ్చింది. భావన తిరిగి చూసింది. తండ్రి కుడిచెయ్యి మండుతున్న పొయ్యి మీద ఆని ఉంది. ఆయన ప్రశాంతంగా ఆమెకేసి చూస్తున్నాడు.

"నాన్నా, చెయ్యి!"

పరుగెత్తి లాగేసింది. అరచేతి తోలు ఊడి వచ్చింది.

"ఏమైందమ్మా?" అన్నాడు ఆయన కంగారుగా. అప్పుడు చూసుకున్నాడు. చూసుకుని, ఆ చేతిని వీపు వెనక దాచుకోబోయాడు.

"నొప్పి... నొప్పి లేదా నాన్నా?"

వెంకటస్వామి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"రెండేళ్ళయిందమ్మా, ఈ చేతికి ఏమీ తెలియక."