పొత్తిగుడ్డలు

"ఊపిరి బిగబట్టకు. మామూలుగా నుంచో," అంది అత్త, కోడలి నడుం చుట్టూ టేపు తిప్పుతూ.

కోడలు మామూలుగానే నుంచుంది. అత్త టేపుని కిటికీ వెలుగులోకి వంచి, కళ్ళు చికిలించి చూసింది.

"అరంగుళం పెరిగింది."

"నిజంగానా అత్తయ్యా?"

"ముసలిదాన్నయ్యేదాకా కొలతలు తీస్తూనే ఉన్నాను. నాకు అబద్ధం చెప్తుందా టేపు? పద, అన్నం తిందాం. నువ్వు ముద్ద ఎత్తితేనే నేనూ ఎత్తుతా."

కోడలు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. నిన్ననే తన లంగా వదులైతే హుక్కు లోపలికి జరిపి కుట్టుకుంది. ఆశపడ్డవాళ్ళ చేతిలో టేపు కూడా సాగుతుంది కాబోలు అనుకుంది.

ఆ ఇంటి ముందుగదే కుట్టు కొట్టు. ఎదురెదురుగా రెండు మిషన్లు, మధ్యలో ముక్కల గంప. కుట్టేవన్నీ స్కూలు యూనిఫారాలే కాబట్టి గంప నిండా బూడిదరంగు గరుకు గుడ్డ తప్ప ఇంకోటి ఉండదు. అత్తాకోడళ్ళు మిషన్ తొక్కుతూ ఒకళ్ళనొకళ్ళు దెప్పుకుంటుంటే, ఎవరి పక్షం మాట్లాడాలో తెలియక తల గోక్కునేవాడు కొడుకు. ఎండాకాలం మొదట్లో పని నుంచి వస్తున్నవాణ్ణి లారీ గుద్దింది. ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. పెళ్ళయి ఏడాది కూడా నిండలేదు.

తర్వాత ఇద్దరూ తిండి మానేశారు. తినమని ఎవరు ఎవరికి చెప్పాలి? అలా ఉండగా కోడలికి నెల తప్పింది. ఆ మాట చెవిన పడగానే అత్త మంచం దిగి పొయ్యి వెలిగించింది.

"వాడు ఊరికే పోలేదే తల్లీ. ఏదో ఇచ్చే పోయాడు," అంది. ఆ పూట ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారు.

కోడలు చెప్పకుండా క్లినిక్కుకి వెళ్ళింది. నర్సు పరీక్ష చేసింది. వారం ఆగి రమ్మని మళ్ళీ చేసింది.

"లేదమ్మా."

"నెల తప్పింది కదండీ."

"తప్పిన ప్రతిసారీ కడుపు కాదు. మనసుకి పెద్ద దెబ్బ తగిలినా ఆగిపోతుంది, తిండి మానేసినా ఆగిపోతుంది. నాలుగు ముద్దలు సరిగ్గా తిను, అదే వస్తుంది."

అదే వచ్చింది. పట్టపగలు, మిషన్ తొక్కుతుండగా. భర్త రెండోసారి పోయినట్టనిపించింది ఆమెకి. గంపలో చేతికందిన ముక్కలు పట్టుకుని స్నానాలగదిలోకి పరిగెత్తి, కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడ్చింది. చెప్పేద్దామనే బయటికొచ్చింది. తీరా చూస్తే అత్త, కొడుకు కప్పుకునే నీలిచారల నూలు దుప్పటిని ఒళ్ళో పెట్టుకుని నిమురుతోంది.

"ఉతికి ఉతికి వెన్నలా అయింది. దీంతో పొత్తిగుడ్డలు కుడతా. పసిగుడ్డు ఒంటికి ఒరుసుకోదు."

కోడలు తిరిగి మిషన్ ముందు కూర్చుంది.

ఎదురు కొట్లో ప్యాడ్ల ప్యాకెట్ కొనుక్కుందామంటే, ఆ కొట్టావిడ అత్తకి స్నేహితురాలు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. అందుకని గంపలో ముక్కలతోనే నెట్టుకొచ్చింది. ఆ గరుకుకి తొడలు ఒరుసుకుపోయాయి.

"అలా కాళ్ళీడుస్తున్నావేం?" అంది అత్త.

"నడుం పట్టేసింది అత్తయ్యా."

అత్త ఆమె నడకకేసి చూసింది. "మొదటి నెలల్లో మామూలేలే," అంది.

ఆ రోజే ఒకావిడ పిల్లాడి నిక్కరు తీసుకోవడానికి వచ్చింది. మిగిలిన ముక్కకి అంచు కుట్టిస్తే వాడు బల్ల తుడుచుకుంటాడంది.

"ముక్కకి అంచా?" అత్త నవ్వింది. "ముక్కలకి అంచులు కుడుతూ కూర్చుంటే మా నోట్లోకి మట్టే తల్లీ. ఇన్నేళ్ళలో ఒక్క ముక్కకీ అంచు కుట్టినదాన్ని కాదు."

అత్త నవ్వి ఎన్నాళ్ళయిందో. ఆ నవ్వు చూసి కోడలు ఇంకో నెల అబద్ధానికి సిద్ధపడింది.

ఆ నెలా గడిచింది. ఇవాళ కంచం ముందు కూర్చున్నాక, అన్నం కెలుకుతూ అడిగింది.

"అత్తయ్యా, ఒకవేళ ఏమీ లేకపోతే?"

"ముందు తిను. లేనిదాని గురించి తర్వాత ఆలోచిద్దాం." ఇంకో ముద్దకి సరిపడా అన్నం వడ్డించింది అత్త.

తినడం పూర్తవుతుండగా పొత్తికడుపులో నొప్పి మెలిపెట్టింది. ఆ నొప్పి ఏమిటో కోడలికి తెలుసు. ఆమె చెయ్యి కడుపు మీదికి పోవడం అత్త చూసింది. చూసి, యూనిఫారాల మూట చంకన పెట్టుకుంది.

"స్కూల్లో ఇచ్చొస్తా. తలుపు గడియ పెట్టుకో. సాయంత్రందాకా రాను."

ఆవిడ వెళ్ళగానే కోడలు గంప దగ్గర చతికిలబడింది. గుప్పిట ఎన్నాళ్ళని మూసి ఉంచుతుంది? రేపో మాపో పెరగని కడుపే చెప్పేస్తుంది. అంతకంటే ఈ సాయంత్రమే తను చెప్పడం మేలు. చెబితే ఆ పెద్దప్రాణం మళ్ళీ మంచం పడుతుంది, అన్నంలో చెయ్యి పెట్టదు. కొడుకుని తల్లికి మళ్ళీ దూరం చేసిన పాపం తనదే అవుతుంది. బతకాలనే అనిపించలేదు ఆమెకి.

కళ్ళు తుడుచుకుని గంపలో చెయ్యి పెట్టింది. గరుకు గుడ్డ తగల్లేదు. మెత్తగా ఏదో తగిలింది. పైకి తీస్తే నీలిచారలు. జానెడు పొడవున, ఒకే కొలతకి కత్తిరించి మడిచిన ముక్కలు, గంప అడుగుదాకా. పొత్తిగుడ్డలు కత్తిరించగా మిగిలినవి కాబోలు అనుకుంటూ ఒకటి విప్పింది. ఇంకోటి విప్పింది.

ప్రతి ముక్కకీ అంచు కుట్టి ఉంది.