ఒక్క ఆమెన్ తక్కువ

ప్రార్థన అయిపోయింది. అందరూ ఆమెన్ అన్నారు, జానమ్మ తప్ప.

ఆ రేకుల గుడిలో ఒక అలవాటుంది. మామూలు ప్రార్థనలకు అందరూ కలిసే ఆమెన్ అంటారు. ఊరికి కాలువ రావాలని చేసే ప్రార్థనకు మాత్రం మనిషి మనిషీ వరుసగా అనాలి. ఉపదేశి కురుమయ్య పెట్టిన పద్ధతి అది. దేవుడి దగ్గర గుంపులో గోవిందా పనికిరాదని ఆయన వాదన.

వరుస జానమ్మ దగ్గరికి వచ్చి ఆగిపోతుంది. ఆమె తల వంచుకుంటుంది. పక్కనున్న బిక్షమ్మ కాసేపు చూసి, తన ఆమెన్ తాను అనేస్తుంది.

జానమ్మ మొండిదేమీ కాదు. జ్వరాలకు, కాన్పులకు చేసే ప్రార్థనల్లో అందరికంటే ముందు వినపడేది ఆమె గొంతే. కిందటేడు అత్తగారి ఊరు విడిచి, హాలియా దగ్గరి ఈ ఊళ్లో తమ్ముడు లింగస్వామి పంచన చేరింది. మొగుడు పోయిన ఆడది పుట్టింటికి రాక ఎక్కడికి పోతుందని ఎవరూ ఏమీ అడగలేదు.

ఊరికి కావలసింది నీళ్లు. ఒకరి పొలంలో కూలికి తప్ప నాగలి పట్టి ఎరగనివాళ్లకు సర్కారు తలా ఇంత చెలక ఇచ్చింది. ఆముదాలు కూడా మొహం చాటేసే నేల. సాగర్ కాలువ వస్తే అందులో వరి పండుతుందన్నారు. తవ్వకం పొలిమేర దాకా వచ్చింది. అక్కడ బండ తగిలి ఆగింది. తవ్వేవాళ్లు గుడారాలు పీక్కుని పోయారు.

ఎందుకాగిందో ఇంజనీర్లకు తెలిసిందో లేదో గానీ, సంఘపెద్ద యాదయ్యకు తెలిసిపోయింది.

"ఒక్క ఆమెన్ తక్కువయితాంది. కుండకు చిల్లి పెట్టుకొని నీళ్లు పోస్తున్నం" అన్నాడు. "వచ్చే ఆదివారం గూడ అనకుంటే ఆమె గుడికి రావొద్దు. ఆమెకు అన్నం పెట్టే ఇంటికి మనం పోవద్దు."

లింగస్వామి అక్కడే ఉన్నాడు. అంతా విన్నాడు.

కురుమయ్య మనసు ఊరుకోలేదు. మంచిగా చెబితే వింటుందని జానమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె వాకిట్లో జొన్నలు చెరుగుతోంది.

"ఏందమ్మా, ఒక్క మాటకు ఇంత పంతమా?"

"పంతం కాదు అయ్యగారూ. అసలు గా మాటకు అర్థమేంది?"

ఆయన సంబరపడిపోయాడు. ఇన్నేళ్లలో ఆ సంగతి అడిగినవాళ్లు లేరు. జవాబు మాత్రం ఎప్పటినుంచో నాలుక చివర కాచుకుని ఉంది.

"హెబ్రీ మాట అది. యూదులది. గట్టిగ నిలబడ్డది, కదలనిది అనే మాటలకెంచి పుట్టింది. నిజం, గట్లనే కానీ అని అర్థం. ఏ దేశంల ఏ భాషల ప్రార్థన చేసినా, ఆ మాటను మాత్రం ఎవరూ మార్చలే."

"ప్రార్థన చేసేది మీరు గదా. నేను ఎందుకు అనాలె?"

"చేసేది నేనే. ఆమెన్ అన్నవంటే అది నీది గూడ అయితది. నీ నోటితోని నువ్వు అడిగినట్టే."

"మనసుల లేకుంట అంటే?"

"దేవుని ముందట అబద్ధం ఆడినట్టు."

"ఒకపారి అన్నంక మళ్ల వద్దనొచ్చునా?"

"తాంబూలం పుచ్చుకున్నంక పెండ్లి వద్దంటరా?"

జానమ్మ చేట పక్కన పెట్టింది.

"అయితే నాతోని కాదు అయ్యగారూ" అంది.

ముడి విప్పబోయి పీటముడి వేశానని కురుమయ్యకు దారిలో అర్థమైంది. అబద్ధమైనా సరే అనెయ్యమని ఆమెతో చెప్పలేడు. పోనీ వదిలెయ్యమంటే యాదయ్య వినడు.

శనివారం పొద్దుగూకే వేళ లింగస్వామి అక్క పక్కన కూర్చున్నాడు.

"అక్కా, రేపు అనెయ్యే."

"ఎట్ల అనాలెరా? నీకు తెల్వదా?"

"తెలుసు. నువ్వు అన్నా అనకున్నా అయ్యేది ఆగుతదా? నీ ఒక్కదాని కోసం సర్కారు ఆగుతదా?"

"ఆగదు."

"మరి?"

"అయ్యేదేదో నా మాట లేకుంట కానీరా. గంతే అడుగుతున్న."

లింగస్వామి ఏడ్చాడు. అక్కను పొమ్మనలేడు. ఊరంతా వెలేస్తే పిల్లలతో బతకలేడు. ఆమె కొంగుతో వాడి కళ్లు తుడిచింది గానీ, మాట ఇవ్వలేదు.

ఆదివారం గుడి నిండింది. కురుమయ్య మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ప్రభువా, సాగర్ కట్ట నిండా నీళ్లు నిలువనీ. కాలువ ఒడ్లు ఒరుసుకొని పారనీ. మా చెలకలు తడవనీ."

వరుస మొదలైంది. మగవాళ్ల వంతు అయింది. ఆడవాళ్ల వైపు తిరిగింది. అందరి చెవులూ జానమ్మ మీదే ఉన్నాయి. ఆమె ఎదురుగా ఉన్న తమ్ముడిని చూసింది. వాడు తల ఎత్తలేదు.

"ఆమెన్" అంది.

బిక్షమ్మకు తప్ప ఎవరికీ వినపడలేదు.

"జర గట్టిగ అనమ్మా" అన్నాడు యాదయ్య.

"ఆమెన్."

గుడి ఒక్కసారిగా ఊపిరి పీల్చుకుంది. బిక్షమ్మ ఆమెను వాటేసుకుంది. తను చెప్పిన అర్థం ఒక్కరికైనా తలకెక్కిందని కురుమయ్య కళ్లు తుడుచుకున్నాడు. నీళ్లు ముందు ఎవరి చెలకలోకి మళ్లించాలో బయట అప్పుడే వాదన మొదలైంది.

సాగర్ కట్ట నిండితే కృష్ణ ఒడ్డున పూర్తిగా మునిగిపోయేది జానమ్మ అత్తగారి ఊరు, ఆ ఊరి రేగుచెట్ల కింద మట్టిలో ఉన్నది ఆమె ఒక్కగానొక్క కొడుకు.