కళ్లెం మాత్ర

“ఈ డబ్బా నింపేది ఎవరు?”

డాక్టరు మాత్రల డబ్బా ఎత్తి చూపించాడు. వారంలో రోజుకో గది ఉండే ప్లాస్టిక్ డబ్బా అది. కోడలు అత్తవైపు చూసింది. అత్త నేలవైపు చూసింది.

“నేనే బాబూ.”

“ఇందులో ఉన్నవన్నీ బలం మాత్రలమ్మా. మీ అబ్బాయి గుండె దడకి రెండేళ్లుగా నేను రాస్తున్న మాత్ర ఒక్కటీ లేదు. రెండూ తెల్లగానే ఉంటాయి. పొరపాటు పడ్డారా?”

అవునని తల ఊపితే అక్కడికి తేలిపోయేది. కానీ బతుకంతా ఆస్పత్రిలో పురుళ్లు పోసిన నర్సు రంగు చూసి మాత్రలు పోల్చుకునే మనిషి కాదు. ఆ సంగతి కోడలికీ తెలుసు.

“పొరపాటు కాదు. నేనే తీసేశాను.”

“తీసేశారా!” కోడలు గొంతు వార్డంతా వినపడింది. “ఆ మేడమీదావిడ మాట పట్టుకున్నారు కదూ? ఏళ్ల తరబడి మింగితే ఒళ్లు గుల్లవుతుందనీ, గుండె మొద్దుబారిపోతుందనీ మొన్న మెట్ల మీద నిలబెట్టి మరీ చెవిలో పోసింది! నిక్షేపంలాంటి మనిషి తెల్లారేసరికి బేకరీలో పిండి బస్తాల మధ్య కుప్పకూలాడు. ఆవిడొచ్చి లేపిందా?”

అత్త కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చుంది.

డాక్టరు కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “చూడండమ్మా. గుండె జోరుగా కొట్టుకునేవాళ్లు ఈ బీటా బ్లాకర్లు ఏళ్లకేళ్లు వాడుతూనే ఉన్నారు. చాలామందికి పెద్ద ఇబ్బందేమీ ఉండదు. కొందరికి నీరసం, కొందరికి చేతులు చల్లబడటం, నాడి మరీ నెమ్మదించడం. అందుకేగా చెకప్‌కి రమ్మనేది, మోతాదు సరిచూసేది! ప్రమాదమల్లా చెప్పాపెట్టకుండా ఒక్కసారిగా మానేస్తేనే. పోయిన నెల మీరూ వచ్చారు. అన్నీ చెప్పానుగా?”

“చెప్పారు బాబూ.”

“భయమొచ్చినా కంగారొచ్చినా గుండె ఎగిరిపడకుండా ఇది కళ్లెం పట్టి ఉంచుతుందన్నాను. ఉన్నపళంగా కళ్లెం లాగేస్తే గుర్రం ఊరుకుంటుందా? నర్సుగా చేసినవారు, మీకు నేను చెప్పాలా? ఇంకొకరైతే గట్టిగా తిట్టేవాణ్ణి.”

తిట్టి ఉంటే బాగుండునని ఆమెకు అనిపించింది.

బయటికొచ్చేసరికి వరండాలో గోడ వారగా పొట్టి మేస్త్రీ నిలబడి ఉన్నాడు. ఇప్పుడతను బేకరీకి ఎదురుగా ఉన్న పిండిమిల్లులో బస్తాలు మోస్తాడు. పొద్దున ఆమె కేక విని పరుగెత్తుకొచ్చి, కొడుకుని వీపున వేసుకుని ఆస్పత్రికి చేర్చినవాడు అతనే.

నిరుటిదాకా కొడుకు బేకరీలో పిండి కలిపే మేస్త్రీ అతను. ఒకరోజు ఎవరో పొయ్యి ఆర్పకుండా వెళ్లిపోతే వెనకగది కాలి బూడిదైంది. చివరిదాకా ఉన్నది కొడుకూ మేస్త్రీ ఇద్దరే. నేను కాదంటే నేను కాదన్నారు. నర్సమ్మ వేళ్లకి అబద్ధం అంటుకుంటుందని పేట అంతా పేరు. పిల్లల చిల్లర దొంగతనాల దగ్గర్నుంచి మొగుడూపెళ్లాల తగువుల దాకా మణికట్టు పట్టి నాడి చూసి ఆమె చెప్పిందే తీర్పు. ఆ రోజూ ఇద్దరి చేతులూ పట్టి చూసింది. కొడుకు నాడి గోడగడియారంలా నిదానంగా ఆడింది. మేస్త్రీది వలలో పడ్డ పిట్టలా కొట్టుకుంది. సాయంత్రానికల్లా అతని పని ఊడింది.

“అబ్బాయిగారికి ఎలా ఉందమ్మా?”

“తేరుకున్నాడు. నిలబడే ఉన్నావేం, కూర్చో.”

“ఒళ్లంతా పిండి ఉందమ్మా. బల్ల పాడవుతుంది.”

ఆమె అతని మొహం చూడలేకపోయింది. “నా మీద కోపం లేదా నీకు?”

“ఉండేదమ్మా, అబద్ధమెందుకు. తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. మీరు చెయ్యి పట్టుకుంటే తప్పు చెయ్యనోడికీ దడే కదా!” అని నవ్వి, మిల్లులో బస్తాలు దిగే వేళైందంటూ మెట్లు దిగిపోయాడు.

ఆమె లోపలికొచ్చింది. కొడుకు కళ్లు తెరిచి ఉన్నాడు. కోడలి కోపం అప్పటికే చల్లారింది.

“ఏదో నోరు జారాను, మనసులో పెట్టుకోకండి అత్తయ్యా. మీరు పక్కనే చెయ్యి పట్టుకుని కూర్చోబట్టి సరిపోయింది. ఒంటరిగా ఉండి ఉంటే ఏమయ్యేదో!”

“అమ్మనేం అనకు,” అన్నాడు కొడుకు నీరసంగా. “నా మీద బెంగకొద్దీ చేసింది. మాత్రలు నా ఒంటికి పడవేమోనని హడలిపోయి ఉంటుంది, పిచ్చిది.”

ఒక్కో మాటా చెప్పు దెబ్బలా తగిలింది ఆమెకు. దుప్పటి సర్దే వంకతో తల దించుకుంది.

“అమ్మా, నేను పడిపోయే ముందు నువ్వేదో అడిగావు. చెవుల్లో ఒకటే హోరు. వినపడలేదు. ఏంటది?”

“టీ పెట్టనా అని.”

“అంతేనా?” కొడుకు సరదాగా ఆమె మణికట్టు పట్టుకున్నాడు. “ఎప్పుడూ నువ్వే చూస్తావు, ఈసారి నేను చూస్తా. అబ్బో! ఇదేంటే, ఇలా పరుగెడుతోంది?”

“నీ మీద బెంగరా నాన్నా.”

“నర్సమ్మగారే దొరికిపోయారు!” అంది కోడలు. తల్లీకొడుకులిద్దరూ నవ్వారు.

కళ్లెం తీసిన ఆ నాడిని పట్టుకుని పొద్దున ఆమె అడిగింది, పొయ్యి ఆర్పనిది నువ్వేనా అని.