మూత వేసిన తర్వాత

“మూత వేసేస్తే అది నిద్రపోవాల గదా?” అంది సామ్రాజ్యం.

నిద్రే గానీ గాఢనిద్ర కాదన్నాడు క్రాంతి కుమార్. నెల్లూరులో లాప్‌టాప్‌లు బాగుచేసే షాపు అతనిది. మూత వేసినా నెట్ తగిలితే లోపల మెయిళ్ళు వస్తుంటాయని, ఆగిపోయిన వీడియో ఒక్కోసారి మళ్ళీ మొదలవుతుందని, అందుకే ఉన్నట్టుండి శబ్దాలు వస్తాయని వివరించాడు.

అదంతా ఆమె విన్నదే. పోయిన వారం అతను ఫోన్లో చెబుతుంటే ఒక్కొక్కటే నొక్కుకుంటూ పోయింది. మెసేజీల గంట ఆపింది, వైఫై తీసేసింది, చార్జరు పీకేసింది. అయినా లాభం లేకపోయింది. అందుకే ఈరోజు బడికి సెలవు పెట్టి, లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని, వాకాడు నుంచి బస్సెక్కి వచ్చింది. భర్తకు మాత్రం బడికే పోతున్నానని చెప్పింది. ఆయన ముందు లాప్‌టాప్ మాట ఎత్తడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

“ఎట్లాంటి శబ్దం మేడమ్?”

“నేను వినలేదు. నేనుండేటప్పుడు రాదు. పక్కింటి రెబెక్కమ్మక్క చెప్పింది. ఆకురాయితో ఇనుము రుద్దినట్టు ఉంటాదంట.”

సామ్రాజ్యం బడికి పోయాక ఇంట్లో ఉండేది భర్త కామాక్షయ్య ఒక్కడే. ఎనిమిది నెలల కిందట పక్షవాతం వచ్చి ఆయనకు కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. మధ్యాహ్నం అన్నం తినిపించి పోయేది రెబెక్కమ్మే. ఆమె చేతులు కడుక్కుని తన ఇంట్లోకి పోయిన కాసేపటికి గోడ అవతల ఆ రొద మొదలవుతుంది. ఏమిటా అని తిరిగొచ్చి తలుపు తీస్తే ఆగిపోతుంది. మంచం మీద ఆయన కళ్ళు మూసుకుని ఉంటాడు. ఎదురుగా బల్ల మీద లాప్‌టాప్ మూసి ఉంటుంది. పాపం, ఆ మనిషిని అది నిద్రపోనిచ్చేట్టు లేదని రెబెక్కమ్మ రెండుసార్లు చెప్పింది.

ఆ మాట విన్నప్పటి నుంచి సామ్రాజ్యానికి అన్నం సయించడం లేదు. ఆ లాప్‌టాప్‌లో ఏముందో ఆమెకు తెలుసు.

అందులో ఉన్నవి కామాక్షయ్య కోసం ఆసుపత్రి వాళ్ళిచ్చిన మాటల పాఠాలు. తెర మీద ఒకామె నోరు బాగా తెరిచి ‘అమ్మ’ అంటుంది, ‘ఆవు’ అంటుంది. ఆయన తిరిగి అనాలి. రోజూ సాయంత్రం సామ్రాజ్యం ఆయన పక్కన కూర్చుని చేయించేది. మూడు నెలలు చేయించింది. ఏ మాటకైనా ఆయన నోట్లోంచి గాలే వచ్చేది. ఒక సాయంత్రం, బళ్ళో చాకిరీకి తల పగిలిపోతుంటే, ఆమె నోరు జారింది.

“ఒకటో తరగతి పిల్లకాయలు నాలుగు రోజుల్లో నేర్చుకుంటారు. మీకింక రాదులెండి.”

అని, పాఠం సగంలో ఉండగానే మూత టపీమని వేసేసింది. కామాక్షయ్య ఆ మూత వంక కాసేపు చూసి, మొహం గోడవైపు తిప్పుకున్నాడు. ఆ తర్వాత ఆయన పాఠం కోసం లేవలేదు, ఆమె లేపనూ లేదు. క్షమించమని అడగాలనుకుంటూనే నెల గడిపేసింది.

ఇప్పుడు తను లేనప్పుడు ఆ సగం పాఠమే దానంతటది మోగుతోందని ఆమె నమ్మకం. మాట రాని మనిషికి, కదల్లేని మనిషికి, రోజూ అదే వినిపిస్తోంది. నీకు రాదు, నీకు రాదు అని తను పక్కన నిలబడి అంటున్నట్టే కదా అది. పిల్లలకు ఓర్పుగా పెద్ద బాలశిక్ష చెప్పే తను, కట్టుకున్నవాడి దగ్గర ఆ ఓర్పు ఎందుకు చూపలేకపోయిందో ఆమెకే తెలియడం లేదు.

క్రాంతి కుమార్ తెర మీద ఏవో వరుసలు పైకీ కిందికీ జరిపి చూశాడు. అతని మొహం ముడుచుకుంది.

“మీరు చెప్పే టైములో ఇది లేవనే లేదు మేడమ్. నెల రోజుల్లో ఒక్క మధ్యాహ్నం కూడా లేవలేదు. వీడియో ఆడినట్టు ఎక్కడా లేదు.”

“మరి ఆ శబ్దం?”

లోపల ఫ్యాన్ రెక్క ఎక్కడో తగులుతోందేమో, విప్పి చూడాలన్నాడు. స్క్రూలు ఒక్కొక్కటే తీసి గిన్నెలో వేశాడు. వెనక రేకు ఊడదీశాడు. బ్యాటరీ కూడా తీసి పక్కన పెట్టాడు. ఫ్యాన్‌ను వేలితో తిప్పితే అది చప్పుడు లేకుండా తిరిగింది.

అప్పుడే ఆమె ఫోను మోగింది. రెబెక్కమ్మ.

“సామ్రాజ్యం, బళ్ళో ఉండావా? మళ్ళా మొదలుపెట్టింది. చెబితే నమ్ముతావో లేదో, నువ్వే విను” అని, ఆమె ఫోను సామ్రాజ్యం వాళ్ళ కిటికీ దగ్గర పెట్టింది.

ముందు ఆకురాయి రుద్దినట్టే ఉంది. ఆగింది. ఎవరో గట్టిగా ఊపిరి పీల్చుకున్నట్టు వినిపించింది. మళ్ళీ అదే రాపిడి, ఈసారి కొంచెం పొడుగ్గా, ‘సా...మ్రా’ దాకా వచ్చి, చివర విరిగిపోయి. మళ్ళీ మొదటి నుంచి. సామ్రాజ్యం విప్పి పరిచిన లాప్‌టాప్ వంక చూస్తూ, ఫోను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

కామాక్షయ్య ఆమె పేరు పలకడం నేర్చుకుంటున్నాడు.