ప్రేమ పుట్టేదాకా

"చెల్లెమ్మా, ఇక నీ వంతు," అంటూ కోతమిల్లు మేస్త్రి ఆమె చేతిలో ఇనపరాడ్డు పెట్టాడు.

తాగి లారీ నడిపి, అదే మిల్లులో పనిచేసే ఆమె భర్తను పొట్టన పెట్టుకున్న డ్రైవరు దుంగల మధ్య పడి ఉన్నాడు. మిల్లువాళ్ల దెబ్బలకు పళ్లు ఊడి, నోరంతా నెత్తురు.

ఆరు నెలలుగా ఆమె కోరుకున్నది ఇదే. రాడ్డు పైకెత్తింది.

డ్రైవరు తల కాచుకోలేదు. "కొట్టు తల్లీ," అన్నాడు.

ఆమె చేతిలోంచి రాడ్డు జారిపోయింది.

"నీ వల్ల కాకపోతే నేనున్నాగా," అని మేస్త్రి దుడ్డుకర్ర ఎత్తి డ్రైవరు తల మీదికి దించాడు. ఆమె డ్రైవరు మీద అడ్డంగా పడింది. ఆమె భుజం ఎముక విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

మేస్త్రి ఆమె మీదికి వంగాడు. "పిచ్చిదానా, మొగుణ్ణి చంపినవాడి మీద అంత ప్రేమేంటి?"

"ప్రేమా పాడా! వీణ్ణి చూస్తే ఇప్పటికీ కడుపు మండిపోతోందన్నా," అంది పళ్లు బిగించి. "శత్రువుని ప్రేమించే మనసివ్వమని ప్రతి ఆదివారం చర్చిలో అడుగుతూనే ఉన్నా. రాలేదు. అది వచ్చేదాకా ఆగితే ఈలోపు వీడు చచ్చిపోతాడు. ముందు ఆస్పత్రికి తీసుకెళ్దాం, పట్టు."

మేస్త్రి కర్ర పారేసి, డ్రైవరు చంకల కింద చేతులు వేసి లేపాడు.